మౌకా పంచనామా

పది గంటలకు జీపు వస్తుందన్నారు. పది ఎప్పుడవుతుందో నాకెలా తెలుస్తుంది, గడియారం మా ఆయన చేతికుంది, ఆయన జీపుకు దారి చూపించడానికి చందానగర్ రోడ్డు మీద నిలబడి ఉన్నారు, నాకు మిగిలినవి హఫీజ్‌పేట స్టేషను మీదుగా పోయే రైళ్ళే. సికింద్రాబాదు పాసింజరు ఇందాకే కూసింది. అది తొమ్మిదిన్నర బండి అయితే ఇంకా అరగంట ఉంది, ఆలస్యమైన తొమ్మిది గంటల బండి అయితే ఎంతుందో తెలియదు. మౌకా అంటారట ఇక్కడ, ఆఫీసరు స్వయంగా వచ్చి స్థలం చూసుకోవడాన్ని. వస్తాడు, చూస్తాడు, చూసింది పంచనామాగా రాసి ఊరివాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తాడు. ఇక్కడ నెమలి గూడు లేదని ఆ కాగితంలో ఉంటే పంచాయతీవాళ్ళు మాకు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇస్తారు, ఉందని ఉంటే ఇవ్వరు. దసరా లోపల ఇప్పుడున్న గదులు ఖాళీ చెయ్యాలి. అనుమతి రాకపోతే ముగ్గురం ఎక్కడికి పోతామో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

కూర్చున్న రాయి గుచ్చుకుంటోంది. పక్కనున్న పెద్ద బండకు ఆనుకుందామంటే అది ఇంకా వేడిగా ఉంది, నిన్న సాయంత్రం నుంచి రాళ్ళు కొట్టే పోచయ్య దాని మీదా కిందా తుమ్మమొద్దులు కాల్చాడు. రాయిని కాలుస్తారని ఈ వయసులో ఇక్కడికొచ్చి చూశాను. మా తణుకులో రాయి అంటే రుబ్బురోలు, తులసికోట చుట్టూ పరిచిన పలకలు, అంతకు మించి మాకు రాయితో పనిలేదు, ఇక్కడ ఎటు చూసినా ఏనుగులు పడుకున్నట్టు బండలే. మంట పెడితే బండ ఉల్లిపాయలా పొర లేస్తుంది, లేచినప్పుడు లోపలెక్కడో గిన్నె పగిలినట్టు చప్పుడవుతుంది. "ఒక్క దినం కాలిస్తే నీ పునాదికి సాలు అమ్మా. ఇగ దీని కింద ఏమున్నా బూడిదే. ఫారెస్టోళ్ళు ముక్కువెట్టి ఎతికినా ఏం దొరకది, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు పోచయ్య. బండ కింద సందులో చిన్న గుంట ఉండేది, గూడు అనడానికి పుల్ల కూడా లేదు, నేల మీద నాలుగు ఎండాకులు. ఇప్పుడక్కడ మోకాలెత్తు బూడిద. ఆ బూడిద నా జుట్టులో, గాజుల సందుల్లో, నాలుక మీద. పొద్దున్న రెండుసార్లు నోరు పుక్కిలించాను, పోలేదు.

మా బాల బండకు అవతలి వైపు సీతాఫలం పొద నీడలో గోనెపట్టా మీద కూర్చుంది. రోజూ వేసేది ఒక మాత్ర, ఇవాళ రెండు వేశాను. నిద్రపోదు, అరవదు, గోనెలోంచి పీచు లాగి వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది, మళ్ళీ చుట్టుకుంటుంది. పదిహేడేళ్ళ పిల్ల. రెండు జడలు వేసి, ఓణీకి పిన్ను పెట్టి, బొట్టు దిద్ది తీసుకొచ్చాను, ఎవరో పెళ్ళిచూపులకు వస్తున్నట్టు. ఇంటి దగ్గర వదిలి రావడానికి ఎవరున్నారు. మా అద్దె ఇంటామె మొన్ననే వాకిట్లో నిలబడి చెప్పింది, "మా కోడలికి మూడో నెలండీ పుణ్యవతిగారూ, మీ పిల్ల కేకకి మొన్న మంచం మీంచి ఉలిక్కిపడి లేచింది, ఏదన్నా అయితే ఎవరండీ పూచీ?" అని. పూచీ ఎవరని నన్నడిగితే నేనేం చెప్పను. బాల పుట్టినప్పుడు మంత్రసాని కూడా అదే మాట అంది, ఇంత ఆలస్యంగా ఏడ్చింది, నా పూచీ ఏం లేదమ్మా అని. ఆలస్యంగా ఏడ్చిన పిల్ల ఆ తరవాత ఆపలేదు. ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉన్నప్పుడు రెండు వరసలవాళ్ళూ కలిసి మమ్మల్ని ఖాళీ చేయించమని కాగితం రాసి సంతకాలు పెట్టారు, నేను పులిహోర పంచిన ఇళ్ళవాళ్ళే, ఆయన టైమాఫీసులో పక్క కుర్చీలో కూర్చునే ఆయన సంతకం అందరికంటే పైన ఉంది. అక్కణ్ణుంచి రామచంద్రాపురంలో ఒక ఇల్లు, తరవాత ఇంకో ఇల్లు, లింగంపల్లిలో ఒకటి, చందానగర్‌లో ఇది. ప్రతి ఇంట్లోనూ మొదటి రోజు నేను గుడ్డలు తెచ్చి కిటికీ సందుల్లో కుక్కుతాను. ఏమైందండీ మీ పాపకి అని అడిగినవాళ్ళకు, కాస్త సుస్తీ అంటాను. పదిహేడేళ్ళుగా సుస్తీ. ఇంకో మాట నా నోటితో ఎప్పుడూ అనలేదు, డాక్టరు దగ్గరా అనలేదు, ఆయన అనబోతే కూడా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఎండ ఎక్కింది, శ్రావణమన్న మాటే గాని వానచుక్క లేదు. ఈ చోటు మొదటిసారి చూసిన రోజు ఇంకా ఎండ, చైత్రమాసం, స్టేషన్ దగ్గర రైలు దిగి నడుచుకుంటూ వచ్చాం, నాకు చూడగానే ఏడుపొచ్చింది, ఇక్కడ మనుషులుంటారా అని. మంచినీళ్ళు ఎక్కడ, కూరగాయలు ఎక్కడ, ఊపిరాడనట్టున్న ఈ బండల మధ్య ఎవరితో మాట్లాడతాను. ఆయన మాత్రం, "అరిచినా ఎవరికీ వినపడదు పుణ్యా" అన్నారు. బాల అప్పటికే దారి పొడుగునా అరుస్తూ వచ్చింది, నా చెయ్యి కొరికింది కూడా. అప్పుడు ఆ గుట్ట మీంచి నెమలి అరిచింది. అంత అందమైన పక్షికి గొంతు అలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు, చీలిన గొంతు, ఎవరో పట్టుకుని లాగుతుంటే అరిచినట్టు. బాల టక్కున ఆగింది. నోరు అలాగే తెరుచుకుని వింది. మళ్ళీ అరిస్తే మళ్ళీ వింది, తరవాత నవ్వింది, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నేను కలిపిన అన్నం తన చేత్తో తింది. ఆ రోజు రైల్లో ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే పోతుందేమో అని భయం. ఆ వారంలోనే స్థలం తీసుకున్నాం. ఇక్కడికి ఎప్పుడొచ్చినా అంతే, అవి అరిస్తే ఇది ఊరుకుంటుంది, నోరు తెరుచుకుని వింటుంది. మందుల వల్ల కానిది.

పక్క స్థలం పార్థసారథిగారిది. పెద్దమనిషి, మడత నలగని ఖద్దరు, మొదటిసారి కలిసినప్పుడు మనవాళ్ళే పక్కన ఉంటున్నారు సంతోషం అన్నాడు. రెండోసారి బాలను చూశాడు. ఆ తరవాత నెల తిరక్కుండా పంచాయతీకి అర్జీ వెళ్ళింది, సదరు స్థలంలో జాతీయ పక్షి గుడ్లు పెడుతున్నది, కొత్త చట్టం ప్రకారం అక్కడ కట్టడానికి అనుమతి ఇవ్వరాదు అని. ఆ పెద్దమనిషికి నెమళ్ళ మీద అంత ప్రేమ ఉందని ఎవరికి తెలుసు. పంచాయతీ సెక్రటరీ ఆ కాగితం మాకు చూపించి, "నాకేం అభ్యంతరం లేదు రామ్మోహనరావుగారూ, కానీ అడవి శాఖ పేరు వచ్చినంక నేను సంతకం పెడ్తే నా నౌకరీ పోతది. రేంజరుసాబ్ మౌకా చూసి ఏం లేదని రాసిస్తే తెల్లారే అనుమతి చేతిలో పెడ్త" అన్నాడు. నేను ఆయన వెనక నిలబడి, నెమలి ఉన్నది పార్థసారథిగారి స్థలంలో కూడా కదా అందామనుకున్నాను. అనలేదు. గూడు మా బండ కిందే ఉందని నాకు అప్పటికే తెలుసు, బాలే చూపించింది, చెయ్యి పట్టుకు లాక్కెళ్ళి.

ఏదో బండి చప్పుడు. కాదు, రోడ్డు మీద లారీ.

నిన్న మధ్యాహ్నం పోచయ్య మొద్దులు పేర్చుకుంటుంటే ఆ తల్లి నెమలి గుంటలోంచి లేవలేదు. మొద్దు చప్పుడుకు మెడ ఎత్తి చూసింది, మళ్ళీ ముడుచుకుంది. పోచయ్య కర్రతో అదిలిస్తే లేచింది, పొదల్లోకి నడిచి వెళ్ళింది, ఎగరను కూడా ఎగరలేదు. కింద అయిదు గుడ్లు. "నీ చేతులతోని నువ్వే తియ్యి, నేను ముట్టుకోను, పాపం" అన్నాడు, నిప్పు పెట్టడానికి వచ్చినవాడు. నా జన్మలో గుడ్డు ముట్టుకోలేదు. మా ఇంట్లో ఆ మాట కూడా అనం. రెండు చేతులతో తీసి కొంగులో వేసుకున్నాను, వెచ్చగా ఉన్నాయి, జ్వరం వచ్చిన పిల్ల అరచేతుల్లా, మెత్తటి వేడి కాదు, లోపలినుంచి వచ్చే వేడి. సక్కుబాయి ముందే చెప్పింది, ఈ గుట్ట అవతల గుడిసెల్లో ఉంటుంది, మేకలున్నాయి, కోళ్ళున్నాయి, "తెచ్చియ్యి అమ్మా, నా పొదుగు కోడి కిందేస్తా, దానికేం ఎరుక, ఎవరి పిల్లలైనా పొదుగుతది" అని. నిన్న వెళ్తే గుడిసెకు తాళం, చందానగర్ అంగడికి పోయింది, రేపు పొద్దున్నే వస్తుందన్నారు. కొంగులోనే పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను, రైల్లో ఎవరూ చూడకుండా పైట కప్పుకుని, బాల నా పక్కనే కూర్చుని కొంగు మీద చెవి పెట్టి వినబోతే తోసేశాను. ఇంటికొచ్చేసరికి నా చేతులకూ చీరకూ ఆ పెంట, ఆ మట్టి. ఇంటామెకు మడి. నాకూ మడే. పెరటి గోలెం దగ్గర కూర్చుని ఒక్కొక్కటే కడిగాను. జామకాయలు కడిగినట్టు, నూతినీళ్ళతో, కొబ్బరిపీచుతో మెల్లిగా తోమి, పాత పంచె గుడ్డతో తుడిచి, ఇత్తడి పళ్ళెంలో పెట్టి, చీమలు పట్టకుండా పళ్ళెం కింద నీళ్ళు పోసి గట్టు మీద ఉంచాను. చల్లగా, తెల్లగా, మచ్చ లేకుండా మెరిశాయి. మంచి పని చేశాననుకున్నాను. ఇంట్లో ఏది దాచినా అలాగే దాస్తాను కదా.

సక్కుబాయి వస్తోంది. మేకలు లేవు, నెత్తిన గంప, గంపలో పచ్చిగడ్డి. దగ్గరికొచ్చి గంప దించి, "తెచ్చినవా?" అంది. సంచిలోంచి గుడ్డమూట తీసి విప్పి చూపించాను. ఒకటి తీసుకుంది, బుగ్గకు ఆనించుకుంది. మళ్ళీ ఇంకోటి. మొహం మారింది.

"ఏందమ్మా గిట్ల సల్లగున్నయ్? నిన్న తీసినవి గదా, యాడ వెట్టినవ్?"

"గట్టు మీద. శుభ్రంగా కడిగి పెట్టాను."

"కడిగినవా?" నవ్వబోయి ఆగిపోయింది. "సన్నీళ్ళల్లనా? అయ్యో పిచ్చి తల్లీ, గుడ్లను ఎవరన్న కడుగుతరా! ఏ పేడల పెట్టినా మంచిదే, ఎచ్చగుండాలె. పాత గుడ్డల సుట్టి కడుపుకాడ వెట్టుకున్నా బతుకుతుండె." ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంది, కళ్ళు మూసుకుని వింది. "మాట్లాడుతలేవు. పిల్ల అయినంక లోపల్నుంచి కిచకిచమంటయి అమ్మా, తల్లిని పిలుస్తయి. నిన్న నీకు ఇనబడలేదా?"

వినపడింది. రైల్లో. నా గాజుల చప్పుడనుకున్నాను, చెయ్యి కదపకుండా పెట్టుకున్నాను, అప్పుడూ వినపడింది, పక్క పెట్టెలో ఎవరి కోడిపిల్లలో అనుకున్నాను. బాల చెవి పెట్టబోయింది అందుకే. దానికి తెలిసింది. నేను తోసేశాను. "లేదు" అన్నాను సక్కుబాయితో, "ఏమీ వినపడలేదు." ఆమె నా వంక చూసింది, తిట్టదు, తిడితే బాగుండును, మా అత్తగారైతే తిట్టేది, అన్నం మాడ్చినప్పుడు తిట్టినట్టు, చేతకాని ముండా అని. సక్కుబాయి మాత్రం గుడ్లు ఒక్కొక్కటే గడ్డి కింద సర్దింది, బతికున్నవాటిని సర్దినట్టు. "పోనీతీ. నీకెట్ల ఎరుక, పప్పు తినెటోళ్ళు" అంది. ఇంకా ఏదో అనబోయి రోడ్డు వైపు చూసింది. జీపు.

నేను లేచి నిలబడ్డాను, కొంగు దులుపుకున్నాను. ఎంత దులిపినా బూడిదే. జీపులోంచి ముందు ఆయన దిగారు, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది, తరవాత సెక్రటరీ, తరవాత రేంజరు నరసింహమూర్తిగారు. నడివయసు మనిషి, కళ్ళద్దాలు, చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. కేకలు వేసే మనిషి అయి ఉంటే సులువుగా ఉండేది. నాకు నమస్కారం పెట్టాడు. "మీరేనా అమ్మా పుణ్యవతిగారు? స్థలం మీ పేరనే ఉంది" అన్నాడు. అవునన్నాను. హద్దురాళ్ళు చూశాడు, పొదలు చూశాడు, తిన్నగా బండ దగ్గరికి వచ్చాడు. అర్జీలో బండ గుర్తులతో సహా రాశారు కాబోలు.

"అనుమతే రాలేదు, అప్పుడే రాయి కాలుస్తున్నారేమిటి?"

"రాయి కొట్టుడు మా కులపని సారూ" అన్నాడు పోచయ్య, "మా తాతలు గిక్కడ్నే గాల్చిన్రు. ఇల్లు గట్టనీకి కాయితం గావాలె గని, రాయి గాల్చనీకి ఏం కాయితం?" సెక్రటరీ నవ్వాడు. రేంజరు నవ్వలేదు. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, పుల్లతో బూడిద కెలికాడు. ఎంతసేపు కెలికాడు, మా ఆయన నా వంక చూస్తున్నారు, నేను పుల్ల వంక చూస్తున్నాను, ఎక్కడ ఈక బయటపడుతుందో, ఎక్కడ పెంకు. సక్కుబాయి గంప మీద చెయ్యి వేసి అక్కడే కూర్చుంది, వక్క నములుతోంది, గంపలో ఏమున్నాయో నాకూ ఆమెకే తెలుసు. పుల్ల బూడిదలోనే ఉంది. రేంజరు లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇక్కడైతే ఏమీ కనిపించడం లేదు" అన్నాడు. గెలిచాం. వంటిల్లు తూర్పున, పాపకు వెనక గది, కిటికీ గుట్ట వైపు, గుడ్డలు కుక్కక్కర్లేని కిటికీ. నా కళ్ళ ముందు గోడలు లేస్తున్నాయి.

అప్పుడు అరిచింది. సీతాఫలం పొదల వెనకనుంచి, చాలా దగ్గరగా. రాత్రంతా వెతికి గొంతు పోయిన తల్లి అరుపు.

రేంజరు తలెత్తాడు. "ఏమిటది?"

పోచయ్య తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. సెక్రటరీ తన చెప్పుల వంక చూసుకున్నాడు. మా ఆయన నోరు తెరిచారు, ఆ నోరు అలా తెరిచి ఉంచితే నిజమే వస్తుంది, నాకు తెలుసు, ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన అబద్ధం చెప్పడం నేర్చుకోలేదు, అద్దె ఇళ్ళవాళ్ళకు సుస్తీ అని చెప్పిందీ నేనే. దసరా. మంచం మీద ఉలిక్కిపడి లేచిన కోడలు. ఇంకో గది, ఇంకో కిటికీ. మళ్ళీ అరిచింది.

"మా అమ్మాయండీ" అన్నాను.

రేంజరు నా వైపు తిరిగాడు.

"మా అమ్మాయి. అవతల కూర్చుంది. దానికి మతి లేదండీ. అలాగే అరుస్తుంది."

అనేశాను. నా నోట్లోంచే వచ్చింది, ఎంత తేలిగ్గా వచ్చింది, ఎన్నేళ్ళుగానో అలవాటైనట్టు. మా ఆయన మొహం చూడలేకపోయాను. రేంజరు బండ చుట్టూ నడిచి అవతలికి వెళ్ళాడు, వెనకే నేను. బాల గోనెపట్టా మీద మోకాళ్ళ మీద లేచి ఉంది, పొదల వైపు తిరిగి, నోరు తెరుచుకుని వింటోంది. పెదవి పక్క చొంగ. వినేటప్పుడు దాని మొహం ఎంత బాగుంటుందో నాకు తెలుసు, తెలియనివాళ్ళకు అది అరిచి అప్పుడే ఆపిన నోరు. రేంజరు కాసేపు చూశాడు. నమ్మాడో, నమ్మితే సరిపోతుందనుకున్నాడో. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎన్నేళ్ళమ్మా?" అన్నాడు. పదిహేడు అన్నాను. "పేరు?" బాలాత్రిపురసుందరి. ఎందుకడిగాడో అర్థం కాలేదు.

జీపు ముందు భాగం మీద అట్ట పెట్టుకుని రాశాడు. రాసింది పైకి చదివాడు, చదవాలట, సాక్షులందరికీ వినపడేలా. సదరు స్థలమందు నెమలి గాని, గూడు గాని, గుడ్లు గాని కానరాలేదు. తనిఖీ సమయమున వినవచ్చిన అరుపు స్థలదారు పుణ్యవతి కుమార్తె, మతి స్థిమితము లేని బాలాత్రిపురసుందరి, వయసు పదిహేడు, అను ఆమెదని తల్లి స్వయముగా వాంగ్మూలము ఇచ్చినది. పోచయ్య వేలిముద్ర వేశాడు. సక్కుబాయి గంప పక్కన పెట్టి వచ్చి వేసింది, వేలికంటిన సిరా చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది, నా వైపు చూడలేదు. సెక్రటరీ సంతకం. తరవాత కలం నా చేతికిచ్చారు. రాసే చోటు చూపించాడు రేంజరు, బాల పేరుకు సరిగ్గా కింద. నా పేరు మొత్తం రాశాను, పొల్లు పోకుండా.

కలం తిరిగి ఇస్తుండగా పొదల్లోంచి మళ్ళీ అరుపు వచ్చింది, ఈసారి పొడుగ్గా, తెగుతూ తెగుతూ. ఒక్కరూ తలెత్తలేదు. రేంజరు కాగితం మడిచి అట్టకు పెట్టుకుంటూ, మర్యాదగా, మెల్లిగా, "పాపకు మంచినీళ్ళివ్వండమ్మా, గొంతెండిపోతున్నట్టుంది" అన్నాడు. అందరూ నా వంకే చూస్తున్నారు. సంచిలోంచి సీసా తీసి, గ్లాసులోకి వంచుకుని, బండ చుట్టూ తిరిగి దాని దగ్గరికి వెళ్ళాను. వద్దన్నట్టు మొహం తిప్పుకుంది, ఇంకా వింటోంది. గడ్డం పట్టుకుని ఇటు తిప్పి గ్లాసు పెదవులకు ఆనించాను. నా కళ్ళలోకి చూసింది. తాగింది.